అతనికి జీతం ఎంతుంటుంది?

2019 అక్టోబర్‌లో అమ్మానాన్నల్ని పారిస్ తీసుకెళ్ళాను. అంతకుముందు ఏడాది కంపెనీ పని మీద నెలల తరబడి హోటళ్ళలో ఉండటం వల్ల పోగైన పాయింట్లున్నాయి, వాడకపోతే మురిగిపోతాయి. లేకపోతే పాలరాతి నేలా, తలుపు తీయడానికి ఒక మనిషీ ఉండే హోటల్లో మేం దిగే ప్రశ్నే లేదు.

మూడో రోజు రాత్రి పదిన్నరకి అమ్మ సూట్‌కేసంతా మంచం మీద బోర్లించి, బీపీ మాత్రల డబ్బా ఎక్కడో విమానాశ్రయంలో వదిలేశానని చెప్పింది. హ్యాండ్‌బ్యాగ్‌లో ఉన్న నాలుగు మాత్రలూ అయిపోయాయి. నేను ఖాళీ స్ట్రిప్ పట్టుకుని కిందకి పరిగెత్తాను. లాబీలో రిసెప్షన్‌కి కాస్త పక్కగా ఇంకో చిన్న బల్ల. దాని వెనక యాభై దాటిన మనిషి. నల్ల కోటు, రెండు కాలర్ల మీదా అడ్డంగా పెనవేసుకున్న బంగారు రంగు తాళంచెవుల బిళ్ళలు. ఆయన నా కంగారు పట్టించుకోకుండా స్ట్రిప్ తీసుకుని, అద్దాలు పెట్టుకుని మందు పేరు చదివాడు. రాత్రిపూట తెరిచి ఉండే మందుల షాపుకి ఫోన్ చేశాడు. ప్రిస్క్రిప్షన్ కావాలన్నారు. ఇంటికి వచ్చి చూసే డాక్టర్‌కి ఫోన్ చేశాడు. పన్నెండున్నరకల్లా అమ్మ చేతిలో మాత్ర ఉంది. మర్నాడు పొద్దున అమ్మ లిఫ్ట్ దిగగానే ఆయన అటువైపు నుంచే తన జబ్బ చుట్టూ వేళ్ళు బిగించి, బీపీ మిషన్ సైగ చేసి, తల ఎగరేశాడు. అమ్మ నవ్వి, బొటనవేలు చూపించింది. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు.

ఆయన కాన్సియర్జ్. అప్పటికి ఆ మాటని ఎలా పలకాలో కూడా నాకు తెలీదు.

వెళ్ళిపోయే ముందు రోజు రాత్రి ఫోన్‌లో వెతికాను, ఎంత టిప్ ఇవ్వాలీ అని. ఒకచోట ఫ్రాన్స్‌లో ఇవ్వక్కర్లేదని ఉంది. ఇంకోచోట కాన్సియర్జ్‌కి మాత్రం ఇవ్వాలని ఉంది. ఇంకోచోట అయిదు, మరోచోట ఇరవై. స్పెసిఫికేషన్ సరిగ్గా లేని పనిని పక్కన పెట్టేయడం నా వృత్తిలో అలవాటే. ఆయన పేరు రాసి మంచి రివ్యూ పెడదాం, చాలు, అనుకున్నాను.

మర్నాడు నేను బిల్లు చూసుకుంటూ ఉండగా నాన్న నెమ్మదిగా ఆ చిన్న బల్ల దగ్గరికి వెళ్ళాడు. చెయ్యి చాపాడు. ఆయన లేచి నిలబడి చెయ్యి కలిపాడు. చేతులు విడిపోయేటప్పటికి నాన్న అరచేతిలో మడిచి ఉన్న నోటు ఆయన అరచేతిలోకి వెళ్ళిపోయింది. ఆయన దాని వంక చూడలేదు. రెండో చెయ్యి కూడా తెచ్చి నాన్న చేతి మీద వేశాడు. "వెళ్ళొస్తాం బాబూ" అన్నాడు నాన్న, తెలుగులోనే.

టాక్సీలో అడిగాను, ఎంతిచ్చావని.

"ఇరవై."

"యూరోలా?"

"మరి రూపాయలా?" అని, కాసేపు కిటికీలోంచి చూసి, "అతనికి జీతం ఎంతుంటుందిరా?" అన్నాడు.

నాకు తెలీదు. ఆ ప్రశ్న నాన్న అడగడంలో ఒక అర్థం ఉంది. ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆయన విజయవాడ బస్టాండ్ దగ్గర ఒక లాడ్జిలో పనిచేశాడు. చేరినప్పుడు రూమ్ బాయ్. నలభై దాటాక కూడా రూమ్ బాయే. ఆఖరి పదేళ్ళు మాత్రం కౌంటర్లో కూర్చున్నాడు. ఆయన్ని అడగాల్సిన ప్రశ్నని నేనెప్పుడూ అడగలేదు. ఈ వ్యాసం ఆ టాక్సీలో మొదలైంది.

*

కాన్సియర్జ్ అనే మాటకి పారిస్ గైడ్లు ఒక అందమైన వ్యుత్పత్తి చెప్తారు. "కోంత్ దె సియెర్జ్", అంటే కొవ్వొత్తుల దొర. కోటలో దీపాలు చూసుకునేవాడట. వినడానికి బావుంటుంది, కానీ భాషావేత్తలు దీన్ని ఒప్పుకోరు. వాళ్ళు ఎక్కువగా మొగ్గేది లాటిన్ "కన్‌సెర్వుస్" వైపు. దానర్థం తోటి బానిస. ఒకే మాటకి ఒక చివర దొర, ఇంకో చివర బానిస. ఈ ఉద్యోగం కథంతా ఆ రెండు చివరల మధ్యే నడిచింది.

పారిస్‌లో సేన్ నది మధ్య దీవిలో కోన్సియెర్జెరీ అనే కట్టడం ఉంది. రెండో రోజు మేం అక్కడికే వెళ్ళాం. ఫోటోలు తీసుకున్నాం. మా హోటల్లో బల్ల మీదున్న మాటా, ఈ గోడ మీదున్న మాటా ఒకటేనని నాకు తట్టనే లేదు. అది మొదట ఫ్రెంచి రాజుల ప్రాసాదం. 1358లో పారిస్ వర్తకుల నాయకుడు ఎతియెన్ మార్సెల్ తిరుగుబాటు చేసి, యువరాజు కళ్ళెదుటే అతని సలహాదారుల్ని చంపించాడు. ఆ యువరాజే తర్వాత అయిదో చార్లెస్ రాజయ్యాడు. ఆ జ్ఞాపకాలున్న ఇంట్లో ఉండలేక నివాసం వేరే చోటికి మార్చుకుని, ఈ ప్రాసాదం నిర్వహణ కాన్సియర్జ్ అనే అధికారికి వదిలేశాడు. తాళంచెవులు, అద్దెలు, చిన్న తగాదాల తీర్పులు, అన్నీ అతనివే. తీర్పు ఉన్నచోట ఖైదు ఉంటుంది కాబట్టి పద్నాలుగో శతాబ్దం ముగిసేలోపే అందులో కొంత భాగం జైలయింది. కట్టడానికి అతని పదవి పేరే మిగిలింది.

ఆ జైల్లో ఒక పద్ధతి ఉండేది. డబ్బు ఇచ్చుకోలేనివాళ్ళు కటిక నేల మీద గడ్డి పరుచుకుని పడుకోవాలి. వాళ్ళకి "గడ్డివాళ్ళు" అనే అర్థం వచ్చే పేరే ఉండేది. పిస్తోల్ అనే నాణెం లెక్కన చెల్లించగలిగినవాళ్ళకి మంచం ఉన్న గది. ఇవాళ చెక్-ఇన్ దగ్గర మనం "అప్‌గ్రేడ్ ఏమైనా దొరుకుతుందా?" అని నవ్వుతూ అడుగుతాం చూడండి, తాళంచెవులు చేతిలో ఉన్నవాడిని అడిగే ఆ అడగడం అంత పాతది.

1793లో మరీ ఆంత్వానెత్‌ని తెచ్చి పెట్టింది అక్కడే. అప్పటి జైలు కాపలాదారు పేరు రిషార్, అతని హోదా పేరు కాన్సియర్జే. ఆమెని తప్పించడానికి పూవులో చీటీ దాచి పంపిన కుట్ర ఒకటి బయటపడింది. రిషార్ దంపతుల్ని కూడా అనుమానించి జైల్లో పెట్టారు, వాళ్ళ స్థానంలో ఇంకొకర్ని వేశారు. అక్టోబర్ 16న ఆమె తల తెగింది. లోపలివాళ్ళకీ బయటివాళ్ళకీ మధ్య నిలబడే మనిషిని ఇద్దరూ వాడుకుంటారు, ఇద్దరూ అనుమానిస్తారు. ఈ సంగతి కథలో మళ్ళీ వస్తుంది.

*

పందొమ్మిదో శతాబ్దం పారిస్‌లో అపార్ట్‌మెంట్లు లేచాయి. ప్రతి వీధి గుమ్మం పక్కనా "లోజ్" అనే ఒక ఇరుకు గది. అందులో కాన్సియర్జ్ కాపురం. రాత్రి ఆలస్యంగా వచ్చిన అద్దెదారు గుమ్మం దగ్గర కేకేస్తే, లోపల పడుకునే తాడు లాగి తలుపు తెరవాలి. ఉత్తరాలు పంచడం, మెట్లు కడగడం, అద్దె వసూలు చేయడం, ఎవరింటికి ఎవరొస్తున్నారో గమనించడం కూడా ఆ పనిలో భాగం. యూజెన్ స్యూ 1842-43లో పత్రికలో సీరియల్‌గా రాసిన "పారిస్ రహస్యాలు" నవలలో పిప్లే అనే కాన్సియర్జ్ ఉంటాడు. ఆ నవల ఎంతగా పాకిందంటే పిప్లే అనేది కాన్సియర్జ్‌కి మారుపేరైపోయింది. దాన్నుంచి పుట్టిన "పిప్లెత్" అన్న మాటకి ఇవాళ్టికీ ఫ్రెంచిలో వాగుడుకాయ అని అర్థం.

ఈ కాన్సియర్జ్‌ల జీతం తక్కువ. ఉండటానికి గది ఇచ్చాం కదా అనేది ఇంటి యజమాని లెక్క. మిగతాది అద్దెదారులు చూసుకోవాలి. కొత్తగా దిగినవాళ్ళు చేతిలో పెట్టే డబ్బుకి "దేవుడి కాసు" అని పేరు. కొత్త సంవత్సరానికి ఇచ్చే డబ్బు "ఎత్రెన్". ఇవ్వకపోతే? ఉత్తరం ఒకరోజు ఆలస్యంగా పైకి వస్తుంది. వానలో తాడు లాగడానికి కాసేపు పడుతుంది.

నేనుండే హైదరాబాద్ అపార్ట్‌మెంట్‌లో సెల్లార్‌లో, జనరేటర్ పక్కన, ఒక గది ఉంది. అందులో వాచ్‌మన్, ఆయన భార్య, ఇద్దరు పిల్లలు. దసరాకి ఫ్లాట్‌కి ఇంత అని మామూలు. స్యూ నవల గురించి చదువుతున్నంతసేపూ నాకు ఆ జనరేటర్ చప్పుడు వినిపిస్తూనే ఉంది.

మ్యూరియెల్ బార్బెరి 2006లో రాసిన "ముళ్ళపంది సొగసు" నవల మీలో చాలామంది ఇంగ్లిష్‌లో చదివే ఉంటారు. అందులో రెనే అనే కాన్సియర్జ్ టాల్‌స్టాయ్ చదువుతుంది, తన పిల్లికి ఆయన పేరే పెట్టుకుంటుంది. కానీ పైన ఉండే ధనికులకి అది తెలియనివ్వదు. లోజ్‌లో టీవీ మోగుతూ ఉండేలా చూసుకుంటుంది, కాన్సియర్జ్ అన్నాక టీవీ చూస్తుందని వాళ్ళు అనుకుంటారు కనక. ఆ నవలలో తత్వచర్చలు నాకు కొంచెం ఎక్కువనిపించాయి. టీవీ మాత్రం గుర్తుండిపోయింది. కింద గదిలో ఉన్నవాళ్ళు పైవాళ్ళ ఊహకి తగ్గట్టు నటించడం కూడా పనిలో భాగమే, దానికి వేరే జీతం ఉండదు.

*

హోటల్ కాన్సియర్జ్ ఈ గుమ్మం కాన్సియర్జ్‌కి పట్నం చుట్టం. 1855 ప్రపంచ ప్రదర్శన కోసం పారిస్‌లో దాదాపు 700 గదులతో గ్రాండ్ హోటల్ ద్యు లూవ్ర్ కట్టారు. రైళ్ళొచ్చాయి, స్టీమర్లొచ్చాయి. లండన్ నుంచీ న్యూయార్క్ నుంచీ భాష రాని ధనవంతులు దిగడం మొదలైంది. స్విట్జర్లాండ్ పల్లెటూళ్ళో పుట్టి, హోటళ్ళలో చిన్నాచితకా పనులతో మొదలుపెట్టిన సెజార్ రిట్జ్ 1898లో పారిస్‌లో తన పేరుతో హోటల్ తెరిచాడు. ఆ కాలపు హోటల్లో కాన్సియర్జ్ అంటే గది తాళంచెవుల బల్ల దగ్గర నిలబడి, నాలుగైదు భాషలు మాట్లాడుతూ, రైలు టికెట్టూ, నాటకం టికెట్టూ, గుర్రబ్బండీ, డాక్టరూ, అవసరమైతే అబద్ధమూ సమకూర్చే మనిషి.

మార్సెల్ ప్రూస్ట్ రిట్జ్ హోటల్లో తెగ టిప్పులిచ్చేవాడు. అక్కడి మెత్ర్ దోతెల్ ఒలివియే దబెస్కా ఎవరు ఎవరితో భోంచేశారో ఆయనకి చెప్పేవాడు. ఆ సమాచారం నవల్లోకి వెళ్ళేది. ఒక కథ చెప్పుకుంటారు: ఒకరోజు ప్రూస్ట్ జేబు ఖాళీ అయిపోయి, హోటల్ గుమ్మం దగ్గరున్నవాడిని యాభై ఫ్రాంకులు అప్పడిగాడట. వాడు కంగారుగా తీసిచ్చాడట. "నీ దగ్గరే ఉంచుకో, అవి నీకోసమే" అన్నాడట ప్రూస్ట్. ఈ కథ నాన్నకి చెప్పాను. ఆయన నవ్వలేదు. "మర్నాడు తిరిగిచ్చాడా లేదా?" అన్నాడు.

ఈ మెరుపు వెనక లెక్క వేరు. జార్జ్ ఆర్వెల్ పారిస్ హోటల్ వంటింట్లో గిన్నెలు కడిగిన అనుభవంతో 1933లో అచ్చయిన పుస్తకంలో ఒక సంగతి రాశాడు. కొన్ని ఖరీదైన కేఫుల్లో టిప్పులు ఎంత బాగా వస్తాయంటే, వెయిటర్లే యజమానికి ఎదురు డబ్బిచ్చి ఉద్యోగం కొనుక్కునేవారట. అంటే టిప్పు పనివాడి జేబులోకి వెళ్ళినట్టే వెళ్ళి యజమాని పెట్టెలో తేలుతుంది. ఇది చదివినప్పుడు నాకు మా ఇంట్లో ఒక మాట గుర్తొచ్చింది. నాన్న చేరిన మొదట్లో లాడ్జి ఓనరు అన్నాడట: "జీతం సంగతి నన్నడక్కు, సీజన్లో పైన నీకే బోలెడు."

1929లో పారిస్ పెద్ద హోటళ్ళ కాన్సియర్జ్‌లు కొందరు కలిసి సంఘం పెట్టుకున్నారు. "లే క్లే దోర్", బంగారు తాళంచెవులు. 1952లో కాన్ పట్టణంలో ఐరోపా దేశాల కాన్సియర్జ్‌లు సమావేశమై దాన్ని విస్తరించారు. పారిస్‌లోని హోటల్ స్క్రీబ్ కాన్సియర్జ్ ఫెర్దినాన్ జిల్లే అధ్యక్షుడయ్యాడు. సినిమా పిచ్చోళ్ళకి ఒక చిన్న కానుక: 1895 డిసెంబర్ 28న లూమియేర్ సోదరులు డబ్బులు తీసుకుని జనానికి మొదటిసారి సినిమా చూపించింది ఆ హోటల్ ఉన్న భవనంలోనే, కింది కేఫ్‌లో.

ఈ సంఘం పని నాకు నచ్చింది. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి అర్థమయ్యేలా చెప్పాలంటే ఇది మనుషులతో అల్లిన నెట్‌వర్క్. రోమ్‌లో టేబుల్ దొరకకపోతే పారిస్ కాన్సియర్జ్ రోమ్ కాన్సియర్జ్‌కి ఫోన్ చేస్తాడు. ఆ ఫోన్ ఎత్తేలా చేసేది డబ్బు కాదు, రేపు తనకి అవసరమైతే ఇటు నుంచి కూడా ఎత్తుతారన్న నమ్మకం. వెస్ ఆండర్సన్ 2014 సినిమా "ది గ్రాండ్ బుడాపెస్ట్ హోటల్"లో తాళంచెవుల రహస్య సంఘం ఒకరి తర్వాత ఒకరికి ఫోన్లు చేసుకునే సీన్ గుర్తుందా? అది ఈ సంఘానికే సరదా అనుకరణ.

అయితే ఆ బిళ్ళ బరువు చూపించిన సినిమా అది కాదు, 1924లో మూర్నావ్ తీసిన జర్మన్ మూకీ "ది లాస్ట్ లాఫ్". ఎమిల్ యానింగ్స్ పెద్ద హోటల్ గుమ్మం దగ్గర ముసలి పోర్టర్. బొత్తాల కోటు వేసుకుని పేటలోకి వస్తుంటే అందరూ సలాం కొడతారు. ఒకరోజు వయసైపోయిందని ఆయన్ని మరుగుదొడ్ల దగ్గర తువ్వాళ్ళు అందించే పనికి మార్చి, కోటు ఊడదీస్తారు. ఆయన రాత్రి కోటు దొంగిలించి, అది వేసుకునే ఇంటికి వెళ్తాడు. నేను ఇంజనీరింగ్ కాలేజీలో నాలుగేళ్ళు "మా నాన్న హోటల్ ఇండస్ట్రీలో" అని చెప్పుకుంటూ తిరిగాను. నేను వేసుకున్న కోటు అది.

*

ఇక టిప్పు సంగతి.

ఫ్రెంచిలో దీన్ని "పూర్‌బ్వార్" అంటారు, తాగడానికి అని. జర్మన్‌లో "ట్రింక్‌గెల్డ్", తాగే డబ్బు. రష్యన్‌లో టీ డబ్బులు. మనం "చాయ్ పానీ" అంటాం. అన్నిచోట్లా అసలు అవసరం అద్దె, బియ్యం, పిల్లల ఫీజు. పేరు మాత్రం తాగుడుది. ఇచ్చేవాడికి అది తేలికగా అనిపించాలి కదా.

తెలుగులో మనకున్న మాటలు ఇంకా లోతుగా ఉన్నాయి. బక్షీసు పారశీకం నుంచి, ఇనాము అరబీ నుంచి. ఇనాము ఒకప్పుడు భూమి. ఊరికి చేసే సేవకి జీతం బదులు ఇచ్చిన మాన్యం. 1950ల్లో తెలంగాణలోనూ ఆంధ్రలోనూ చట్టాలొచ్చి ఇనాముల్ని రద్దు చేసేదాకా ఆ ఏర్పాటు నడిచింది. కళ్ళంలో చాకలికీ మంగలికీ కొలిచి పెట్టే గింజలు "మేర". ఇక "మామూలు" అన్నది అరబీ నుంచి వచ్చిన మాట, ఆనవాయితీ అని అర్థం. మన దగ్గర అది లంచానికీ వాడతాం, దసరా డబ్బులకీ వాడతాం, "మామూలుగా ఉన్నాడు" అనడానికీ వాడతాం. జీతానికి బదులుగా దయ మీద బతకడం ఎంత మామూలైపోయిందో ఆ ఒక్క మాట చెప్తుంది.

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో పెద్దింటికి అతిథిగా వెళ్తే, తిరిగొచ్చేటప్పుడు నౌకర్లందరూ హాల్లో వరసగా నిలబడేవారు. ఒక్కొక్కరి చేతిలో "వెయిల్స్" పెట్టుకుంటూ నడవాలి. భోజనానికి పిలిస్తే ఖర్చుకి భయపడి మానేసినవాళ్ళున్నారు. లండన్ వీధుల్లో గొడుగు పట్టుకు తిరిగిన మొదటి మగాడిగా పేరుపడిన జోనాస్ హాన్వే 1760ల్లో దీనికి వ్యతిరేకంగా ప్రచారం చేశాడు. కొందరు యజమానులు వెయిల్స్ ఆపించారు, జీతం మాత్రం అందరూ పెంచలేదు. నౌకర్లు లండన్‌లో అల్లర్లు చేశారు. హాన్వేకి మర్యాద సమస్యగా కనిపించింది నౌకర్లకి కూటి సమస్య.

అమెరికాలో మొదట టిప్పంటే అసహ్యం. అది రాజులూ సేవకులూ ఉండే ఐరోపా రోగం, సమానులు ఉండే దేశానికి తగదని వాదన. 1909లో వాషింగ్టన్ రాష్ట్రం టిప్పుని చట్టవిరుద్ధం చేసింది. మొత్తం ఆరు రాష్ట్రాలు అలాంటి చట్టాలు తెచ్చాయి. 1926కల్లా అన్నీ ఎత్తేశారు. ఎందుకంటే ఈలోపు టిప్పు మీద నిలబడిన వ్యాపారాలు వెలిశాయి. అంతర్యుద్ధం తర్వాత జార్జ్ పుల్‌మన్ తన స్లీపర్ రైలుపెట్టెల్లో పనికి బానిసత్వం నుంచి బయటపడ్డ నల్లవాళ్ళని పెట్టుకున్నాడు. ప్రయాణికులు వాళ్ళనందరినీ "జార్జ్" అనే పిలిచేవారు, యజమాని పేరుతో బానిసని పిలిచే పాత అలవాటు. 1915లో ఒక ప్రభుత్వ విచారణ సంఘం ముందు కంపెనీ లెక్కలు బయటికొచ్చాయి. పోర్టర్ నెలజీతం 27 డాలర్ల 50 సెంట్లు. మిగతాది ప్రయాణికుల టిప్పులే. అక్కడికి సాక్ష్యం చెప్పడానికి వచ్చిన కంపెనీ ఛైర్మన్ రాబర్ట్ టాడ్ లింకన్. అవును, బానిసల్ని విడుదల చేసిన అబ్రహాం లింకన్ కొడుకు. ఈ వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

ఆ పోర్టర్లు 1925లో ఎ. ఫిలిప్ రాండాల్ఫ్ నాయకత్వంలో సంఘం పెట్టుకున్నారు. పన్నెండేళ్ళు పోరాడి 1937లో కంపెనీతో ఒప్పందం మీద సంతకం పెట్టించారు. వాళ్ళు అడిగింది పెద్ద టిప్పులు కాదు, టిప్పు రాకపోయినా బతకగలిగే జీతం. అయినా 1966లో అమెరికా చట్టంలో యజమాని కనీస వేతనంలో కొంత భాగాన్ని టిప్పుల కింద చూపించుకోవచ్చన్న వెసులుబాటు వచ్చింది. టిప్పులొచ్చే పనివాళ్ళకి యజమాని ఇవ్వాల్సిన కేంద్ర కనీస వేతనం గంటకి 2 డాలర్ల 13 సెంట్లు. 1991 నుంచి మారలేదు.

హోటల్ కాన్సియర్జ్ అమెరికాకి ఆలస్యంగా, 1970ల్లో శాన్‌ఫ్రాన్సిస్కో వైపు నుంచి వచ్చాడు. అప్పటికే అక్కడ టిప్పు అలవాటు గట్టిపడి ఉంది. అందుకే ఇవాళ మన వాళ్ళు డాలస్‌లోనో షికాగోలోనో హోటల్లో దిగితే చిన్న సాయానికి అయిదు, దొరకని టికెట్టు సంపాదిస్తే ఇరవై డాలర్లు ఇవ్వడం పద్ధతి. దారి చెప్పినందుకు, మ్యాపు ఇచ్చినందుకు అక్కర్లేదు. ఫ్రాన్స్‌లో భోజనం బిల్లులోనే సేవ ధర కలిసి ఉంటుంది, కాన్సియర్జ్‌కి జీతం ఉంటుంది. కష్టం తీర్చినప్పుడు ఇచ్చేది కృతజ్ఞత. జపాన్‌లో బల్ల మీద నోటు పెడితే, మర్చిపోయారేమోనని వెనక పరిగెత్తుకొస్తారు. అక్కడి పాతకాలపు రియోకాన్ సత్రాల్లో మాత్రం "కొకొరోజుకె" అని, కవర్లో పెట్టి, వచ్చిన మొదట్లోనే పరిచారికకి ఇచ్చే ఆచారం ఉంది. విప్పి చూపించరు.

నాన్న ఇవేవీ చదవలేదు. నోటు మడవడం, కళ్ళలోకి చూడటం, అంకె చెప్పకపోవడం ఆయనకి ఇవతలి వైపు నుంచి తెలుసు. "లుంగీలో ఉండి గది గుమ్మంలోంచి విసిరేవాళ్ళు కొందరు. వంగి తీసుకోవాలి" అన్నాడు ఒకసారి. అంతకంటే ఎక్కువ చెప్పలేదు. చిన్నప్పుడు రాత్రి పదకొండింటికి ఆయన చొక్కా జేబు బల్ల మీద ఖాళీ చేయడం, అమ్మ రూపాయి బిళ్ళల్నీ నోట్లనీ వేరు చేసి లెక్కపెట్టడం నాకు తెలుసు. నా ఎంసెట్ కోచింగ్ ఫీజు మూడో వాయిదా మొత్తం అయిదు, పది నోట్లలో కట్టాను. కౌంటర్లో అమ్మాయి విసుక్కుంటూ లెక్కపెట్టింది.

*

ఈ ఏడాది మా ఆఫీసులో ఒక హోటళ్ళ వాళ్ళకి చాట్‌బాట్ చేస్తున్నాం. దాని పేరు కూడా కాన్సియర్జే. అర్ధరాత్రి మందుల షాపు ఎక్కడుందో అర సెకనులో చెప్తుంది. డాక్టర్‌కి ఫోన్ చేసి బతిమాలదు, మర్నాడు అమ్మ జబ్బ వైపు చూపించి తల ఎగరేయదు. దానికి జీతం ఎంత అన్న ప్రశ్నకి మాత్రం స్పష్టమైన జవాబుంది. నెలకి ఎంత సర్వర్ ఖర్చో స్ప్రెడ్‌షీట్‌లో ఉంటుంది.

గత జూన్‌లో మా అపార్ట్‌మెంట్ అసోసియేషన్ మీటింగ్ జరిగింది. వాచ్‌మన్ జీతం రెండు వేలు పెంచమని అడిగాడు. ఒకాయన అన్నాడు: "కార్లు కడిగితే వస్తాయి, ఇస్త్రీ బట్టలకి వస్తాయి, దసరాకి వస్తాయి. జీతం ఇంకెందుకు?" అందరూ తలలూపారు. నాకు వెంటనే పుల్‌మన్ కంపెనీ, హాన్వే, లాడ్జి ఓనరు, అందరూ ఒకేసారి గుర్తొచ్చారు. గుర్తొచ్చి కూడా నోరు తెరవలేదు. ట్రెజరర్‌ని కదా, మినిట్స్ రాసుకున్నాను. "అంశం వాయిదా."

ఇంటికొచ్చాక నాన్న అడిగాడు, ఏమైందని. చెప్పాను. ఆయన టీవీ సౌండ్ తగ్గించి, "నువ్వేమన్నావు?" అన్నాడు. నేను మాట్లాడలేదు. ఆయన మళ్ళీ సౌండ్ పెంచాడు.

తర్వాతి నెల మీటింగ్‌లో మాట్లాడాను. చరిత్ర ఏమీ చెప్పలేదు. మా నాన్న లాడ్జిలో రూమ్ బాయ్ అనీ, ముప్ఫై ఒక్క ఏళ్ళూ మా ఇంట్లో రేపు ఎంతొస్తుందో ఎవరికీ తెలిసేది కాదనీ చెప్పాను. పదహారేళ్ళ పరిచయంలో ఆ మాట మొదటిసారి విన్న స్నేహితుడు ఒకడు అక్కడున్నాడు, నా వంక అదోలా చూశాడు. రెండు వేలు అడిగితే పన్నెండు వందలు పెంచారు. దసరా మామూలు ఇకనుంచి ఎవరి ఇష్టం వారిది అని కూడా అదే తీర్మానంలో రాయించారు.

పారిస్ కాన్సియర్జ్ జీతం ఎంతో ఇప్పటికీ నాన్నకి చెప్పలేదు. ఆయన మళ్ళీ అడగలేదు. మొన్న రాత్రి నేనే కూర్చుని, లాడ్జిలో నీకు మొదటి జీతం ఎంత నాన్నా అని అడిగాను. ఆయన అంకె చెప్పాడు. తర్వాత, "పైన వచ్చేది లెక్కలో వెయ్యకు" అన్నాడు.